పొట్టి మేకులు

ముసలాయన బూటు తిరగేసి చూసి, మెల్లిగా బల్ల మీద పెట్టాడు.

చెప్పుల కొట్టులోకి వచ్చిన ముగ్గురి యూనిఫాం తమ సైన్యానిదే. టోపీలూ తమవే. బూట్లు మాత్రం కావు.

తమ సిపాయిల బూటుకి మడమ కింద గుర్రపు లాడంలాంటి ఇనప నాడా ఉంటుంది. నలభై ఏళ్ళుగా వాటిని కొట్టిన చెయ్యి ఆయనది. ఈ మడమకి ఉన్నవి ఎనిమిది మేకులు, అంతే. ఇది అవతలివాళ్ళ బూటు.

"సోలు ఊడింది. కుట్టిపెట్టు చాలు," అన్నాడు మీసాలవాడు. భాష బాగానే నేర్చాడు. వెనక ఇద్దరూ నోరు విప్పలేదు.

"చచ్చినవాళ్ళ బట్టలు సరిపోయాయి గానీ బూట్లు సరిపోలేదన్నమాట."

పిస్తోలు బయటికొచ్చింది. లోపలి గది గుమ్మంలో కోడలు కొయ్యబారిపోయింది.

"కాల్చు," అన్నాడు ముసలాయన. "మీరు దాటాల్సిన వంతెన దగ్గర కాపలావాళ్ళు మొహాలు చూడరు. బురదలో అడుగులు చూస్తారు. నాడా గుర్తు లేకపోతే అక్కడే పట్టేస్తారు. నాలుగు తగిలిస్తే మీరు నా కొట్టు చూపిస్తారు. అప్పుడు నాకూ ఈ పిల్లకీ ఒకటే తాడు."

"అయితే?"

"మూడు జతలూ విప్పండి. నాడాలు కొట్టి ఇస్తాను. మీ మీద ప్రేమ కాదు, మీ పీడ విరగడైతే చాలు."

విప్పారు. శత్రువు ఇంట్లో ఉత్తకాళ్ళతో కూర్చోవడం ఎంత మొనగాడికైనా కష్టమే. మీసాలవాడు పిస్తోలు ఒళ్ళో పెట్టుకుని, తడిసిన కోటు పొయ్యి పక్కన ఆరేశాడు.

రెండు జతలకి నాడాలు పడ్డాయి. మూడో జత మీసాలవాడిది. మేకుల డబ్బా అందుకోబోతుంటే కోటు మోచెయ్యి ముసలాయన కంటపడింది.

మోచేతికి అతుకు. గుడ్డని ఎవరైనా నూలుదారంతో కుడతారు. ఆ అతుకు మైనం పట్టించిన చెప్పుల దారంతో కుట్టి ఉంది.

యుద్ధానికి వెళ్ళే రోజు, రైలుకి టైమైపోతోందని కొడుకు గంతులేస్తుంటే, చేతికందిన దారంతో తనే కుట్టాడు. "అది కోటా చెప్పా, మామయ్యా?" అని ఆ రోజు కోడలు పడీపడీ నవ్వింది.

ఇప్పుడు ఆమె కూడా ఆ కోటునే చూస్తోంది.

"ఆ కోటు ఎవరిది?"

"నాకేం తెలుసు? నీళ్ళడిగాడు."

"ఇచ్చావా?"

"తొందరగా కానియ్యి, ముసలాడా."

ముసలాయన అందుకోబోయిన డబ్బా వదిలేసి, పక్కదాని మూత తీశాడు. అందులోవి చంటిపిల్లల జోళ్ళకి వాడే మేకులు. సగం పొడుగు కూడా ఉండవు.

నాడా పైకి నున్నగా కూర్చుంది. మీసాలవాడు బూటు తిప్పి చూశాడు, నాడా లాగి చూశాడు, తొడుక్కున్నాడు.

వంతెన దాకా రాళ్ళు పరిచిన రోడ్డే. అక్కడున్నది బంకమట్టి. బంకమట్టిలో పొట్టిమేకు పది అడుగులు నిలవదు.

ముగ్గురూ మలుపు తిరిగేదాకా ముసలాయన చూశాడు.

"అమ్మా, నువ్వు మీ పుట్టింటికి వెళ్ళు. ఇప్పుడే. వెనక వీధిలోంచి."

కోడలు కళ్ళు తుడుచుకోలేదు. "మీరు?"

"కొట్టు తెరిచే ఉండాలి కదా. వంతెన దగ్గర్నుంచి ఎవరో ఒకరు వస్తారు."

సుత్తి బల్ల కింద పెట్టి, తలుపులు రెండూ బార్లా తెరిచి కూర్చున్నాడు.