రెండు చిన్న గీతలు

"మళ్లీ ఒకసారి కొట్టి చూడు తల్లీ" అంది పెద్దావిడ.

గుమస్తా అమ్మాయికి చిర్రెత్తుకొచ్చింది. వరద తగ్గిన దగ్గర్నుంచీ ఆవిడ ఈ సహాయ కేంద్రానికి కాళ్లరిగేలా తిరుగుతోంది. ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. భర్త పేరు వెతికించుకోవడం, లేదనిపించుకోవడం, మర్నాడు మళ్లీ ఇదే బల్ల ముందు నిలబడటం. బతికి బయటపడినవాళ్లందరి పేర్లూ ఒకే జాబితాలో ఉన్నాయి. అందులో లేడంటే ఇక లేడనే అర్థం. ఎన్ని రకాలుగా చెప్పినా ఈ మాట ఆవిడ చెవికెక్కడం లేదు.

"లేరమ్మా. ఉంటే నేనెందుకు దాస్తాను?"

"ఆయనకి ఈత వచ్చు" అంది పెద్దావిడ. ఆ మాటా రోజూ అనేదే.

గుమస్తా నిట్టూర్చి మళ్లీ టైపు చేయసాగింది. వాళ్లది జపాన్ కుటుంబం. ఎవరి పేరు వాళ్ల లిపిలోనే ఎక్కించాలని పైవాళ్ల హుకుం. ఇంటిపేరులో మొదటిది 'గ'. ఆ లిపిలో 'క' పక్కన పైన రెండు చిన్న గీతలు పెడితే 'గ' అవుతుంది. తొందరలో ఏదో తప్పు పడి, చెరిపే మీట నొక్కింది. గీతలు రెండూ పోయాయి గానీ 'క' అలాగే నిలబడి ఉంది.

ప్రింటర్ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ అది చూశాడు. "అదేంటండీ, ఒక్క నొక్కుకి అక్షరం మొత్తం పోవాలి కదా?" అంటూ దగ్గరికొచ్చాడు.

అతను చెప్పింది గుమస్తా నోరు తెరుచుకుని వింది. కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ ఒక సంఖ్యగా దాచుకుంటుందట. ఈ 'గ'ని మాత్రం రెండు రకాలుగా దాచవచ్చట. మొత్తానికీ కలిపి ఒకే సంఖ్య, లేదా 'క'కి ఒకటి, గీతలకి ఇంకొకటి. తెరమీద వెంట్రుకవాసి తేడా కనిపించదు. వెతికేటప్పుడు మాత్రం రెండూ వేర్వేరు పేర్లయిపోతాయి. "మీ కంప్యూటర్ ముక్కలుగా రాస్తోంది. ఆయన పేరు ఇంకో కంప్యూటర్లో ఎవరైనా ఒకే సంఖ్యతో ఎక్కించి ఉంటే, మీరు జన్మంతా వెతికినా దొరకదు" అని అతనే 'గ'ని మార్చి నొక్కాడు.

పేరు వచ్చింది. బతికే ఉన్నాడు.

పెద్దావిడ బల్ల అంచు పట్టుకుంది. "ఎక్కడున్నారు?"

గుమస్తా చదివింది. ఇదే భవనం, పై అంతస్తు, మగవాళ్ల విభాగం. తొక్కిసలాట జరక్కుండా మగవాళ్లని వెనక గుమ్మం నుంచి పైకి పంపుతున్నారు. పేరు పక్కన రాసినదాన్ని బట్టి, ఆయనా పందొమ్మిది రోజులుగా వస్తున్నాడు, భార్య కోసం. ఆవిడ పేరు కింది అంతస్తులో ముక్కలుగా ఎక్కింది, పై అంతస్తులో వెతికింది ఒకే సంఖ్యతో.

గుమస్తా సిగ్గుతో చచ్చిపోయింది. పైన కూర్చునే గుమస్తా ఆమెతో కలిసి రోజూ భోజనం చేసేవాడే. ఒక్కనాడైనా ఈ ఇంటిపేరు వాళ్ల మాటల్లోకి రాలేదు. కంప్యూటర్ ఉండగా మనుషుల్ని అడిగే అలవాటు ఇద్దరికీ ఎప్పుడో పోయింది.

పెద్దావిడ అప్పటికే మెట్లెక్కుతోంది. మోకాళ్ల నొప్పులు గుర్తున్నట్టే లేదు. జుట్టు సవరించుకుంటూ, మధ్యలో ఒకసారి చిన్నపిల్లలా నవ్వింది కూడా. గుమస్తా ఆవిడ చెయ్యి పట్టుకుని పైగదిలోకి తీసుకెళ్లి ఆయన పేరు చెప్పి, ఇవాళ వచ్చారా అని అడిగింది.

పైగది గుమస్తా కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

"ఆయనా? పొద్దున్నే ఊరు వదిలి వెళ్లిపోయారు. ఆవిడ బతికుంటే ఈపాటికి జాబితాలో కనిపించేదని నేనే నచ్చజెప్పి, పోయినట్టు సంతకం పెట్టించాను. ఏ ఊరు వెళ్తున్నారని అడిగితే, ఇంక ఎవరికి చెప్పాలి బాబూ అన్నారు."