ఇద్దరికీ నచ్చిన కథ

‘ధ్రువయాత్ర’ సీరియల్‌ను ఇప్పుడు ప్రతి టీవీ, చూసేవారి అభిరుచికి తగ్గట్టు తానే అల్లుతోంది. మా ఇంట్లో దాని హీరో కెప్టెన్ మరణించాడు; బావ నరహరి ఇంట్లో బతికే ఉన్నాడు. అక్క పోయాక మమ్మల్ని కలిపి ఉంచింది ఆ సీరియల్ మీద ఆదివారపు వాదన ఒక్కటే. ఎవరి కథ వారిదయ్యాక అదీ ఆగిపోయింది.

ఈ ఆదివారం నేనే వెళ్ళాను.

“నీ కథే పెట్టు బావా. తిట్టాలని ఉంది.”

“నీకు ఎవడో ఒకడు చస్తేనే కథ, బామ్మర్దీ!” నవ్వుతూ టీవీ పెట్టాడు.

అది ఇద్దరినీ గమనించి కొత్త కథ అల్లింది. కెప్టెన్ చావలేదు, తిరిగి రాలేనంత దూరం ఒంటరిగా సాగిపోయాడు.

“ఎలా ఉంది?” బావ ఆశగా అడిగాడు.

లోపం కోసం ఎంతో వెతికాను.

“బాగుంది.”

“నాకూ నచ్చింది,” అన్నాడు నెమ్మదిగా.

నేను చెప్పులు వేసుకుంటున్నప్పుడు, వచ్చే ఆదివారం మాట ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు.