మొదటి ప్రయత్నంలోనే పాస్

“ఇంతకీ ఆ అమ్మాయి రోజుకు ఎన్ని ప్రశ్నలు చేసేదండి?”

పక్క కుర్చీలో కూర్చున్నావిడ అదే ప్రశ్న మూడోసారి అడిగేసరికి లిఖితకు విసుగొచ్చింది. తను అడగాల్సినవి ఇంకా మొదలే పెట్టలేదు.

తెనాలిలో మెడికల్ షాపు మీద మేడలో ఉన్న కోచింగ్ సెంటరు అది. అమెరికాలో నర్సుగా చేయడానికి లైసెన్సు ఇచ్చే ఎన్‌క్లెక్స్ పరీక్షకు తయారుచేస్తారు. కౌంటరు వెనక గోడంతా ఒకటే ఫ్లెక్సీ. నర్సు టోపీ పెట్టుకుని నవ్వుతున్న అమ్మాయి, కింద బారెడు అక్షరాలతో ‘స్టెల్లా, రేపల్లె. మొదటి ప్రయత్నంలోనే పాస్’ అని ఉంది. ఈ ఫ్లెక్సీలు వేసేవాళ్ళు ఎవరి మొహానికైనా గోడకు సున్నం కొట్టినట్టు తెల్లరంగు కొట్టి ఆనవాలు లేకుండా చేసి వదులుతారు.

కౌన్సెలర్ అనుదీప్ తడుముకోకుండా చెప్పాడు. రోజుకు రెండు వందల ప్రశ్నలట. పుస్తకం ముట్టుకోలేదట, వీళ్ళ ప్రశ్నల బ్యాంకు మొత్తం బట్టీ పట్టిందట. ఇప్పుడు టెక్సాస్‌లో ఉందట.

“బట్టీ పడితే ఆ పరీక్ష పాసవుతారాండీ?” అంది ఆవిడ.

“అయింది కదండి,” అని అతను ఫ్లెక్సీ వైపు వేలు చూపించాడు. ఆవిడ మొహం కందగడ్డలా అయింది.

పొన్నూరులో ఒక నర్సింగ్ హోములో పనిచేస్తున్న లిఖితకు వాళ్ళ డాక్టరు మూడు నెలల సెలవు ఇచ్చాడు. ఇంకోసారి అడిగితే ఉద్యోగం ఉండదని కూడా అప్పుడే చెప్పాడు. సరైన కోచింగ్ ఎంచుకోకపోతే ఆ మూడు నెలలూ గంగపాలే. అందుకే స్టెల్లా ఎక్కడ చదివిందో అక్కడే, ఎలా చదివిందో అలాగే చదవాలని తీర్మానించుకుని వచ్చింది.

అయినా బాపట్లలో ఇంకో సెంటరు ఉందని తెలిసి, అదీ చూసి నిర్ణయించుకుందామని ప్యాసింజరు ఎక్కితే, పక్క కుర్చీలో కూర్చున్న ఆవిడా అదే పెట్టెలో కనిపించింది. తనూ అక్కడికేనంది. పొలాలు మొదలయ్యేసరికి లిఖిత ఆవిణ్ణి అక్కా అని పిలుస్తోంది. ఆ పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పానని అక్క దాచకుండా చెప్పింది.

“పేషెంటుకు ఆయాసం వచ్చింది. ముందు ఏం చేస్తావు?” అని అడిగింది.

“డాక్టరుగారికి ఫోన్ చేస్తాను.”

“నేనూ అదే రాశాను. ముందు మంచం తలవైపు ఎత్తి కూర్చోబెట్టాలి. మన ఆసుపత్రుల్లో మనంతట మనం ఏమన్నా చేస్తే తిడతారు. అక్కడ చెయ్యకుండా ఫోన్ చేస్తే తప్పు. ఈ ముక్క నాకు ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు చెప్పలేదు.”

ఆ కోపంలోనే ఎలా చదవాలో కూడా చెప్పింది. రోజుకు డెబ్బై అయిదు ప్రశ్నలు మించి చేయొద్దంది. తప్పిన ప్రతిదానికీ ఎందుకు తప్పిందో సొంత మాటల్లో రాసుకోవాలి, అది అర్థమయ్యేదాకా ముందుకు పోకూడదు. లిఖిత మర్యాదకు తలూపింది గానీ, రెండుసార్లు తప్పిన మనిషి సలహా తనకెందుకు అనుకుంది. మాట మార్చడానికి స్టెల్లా సంగతి ఎత్తింది. తమ వార్డులో పనిచేసే మనీషాకు ఎవరో చెప్పారట, స్టెల్లా పాసైందని తెలిసి రేపల్లెలో వాళ్ళ చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన కూడా జరిపారట. అక్క మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. ఎదుటివాళ్ళ పేరు చెబితే ఇంత ఓర్వలేనితనమా అని లిఖితకు చిరాకేసింది.

బాపట్ల సెంటరులో అడుగు పెట్టగానే ఇద్దరూ ఆగిపోయారు. గోడ మీద అదే టోపీ, అదే నవ్వు, అదే స్టెల్లా. వెనకాల అమెరికా జెండా మాత్రం కొత్తగా చేర్చారు.

స్టెల్లా ప్రశ్నల బ్యాంకు జోలికే పోలేదంది అక్కడి భువనేశ్వరి మేడం. రోజూ ఆరు గంటలు తమ వీడియో పాఠాలు విన్నదట, ఇప్పుడు చికాగోలో ఉందట. తెనాలిలో కూడా ఈ ఫొటోయే ఉందని లిఖిత నిలదీస్తే, వాళ్ళు తమ దగ్గర కాపీ కొట్టారంది. ఇంత పచ్చి అబద్ధాన్ని అంత తీరిగ్గా చెబుతుంటే లిఖితకు ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి కష్టపడి పాసైతే ఇద్దరు పంచుకోవడానికి ఆవిడేమన్నా పెళ్ళి భోజనమా?

అక్క లేచి నిలబడింది. “ఫొటో వేసేముందు ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారాండీ?”

“ఊళ్ళో పేరొస్తుంటే ఎవరు కాదంటారమ్మా?” అని నవ్వింది మేడం.

ఇద్దరూ రోడ్డు మీదకు వచ్చారు. వీళ్ళ మాట ఒక్కటీ నమ్మనని, ఇప్పుడే రేపల్లె వెళ్ళి స్టెల్లా వాళ్ళ ఇల్లు కనుక్కుంటానని, నంబరు తీసుకుని ఆవిణ్ణే అడుగుతానని లిఖిత చెప్పింది. అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. వెళ్ళొద్దంది. రైల్లో చెప్పినట్టు చదువుకో, చాలు అంది.

లిఖిత చెయ్యి విదిలించుకుంది. పొద్దున్నుంచి నోట్లో ఆపుకున్నదంతా బయటికొచ్చేసింది.

“రెండుసార్లు తప్పి నాకు చెప్తారేంటి? ఆవిడ పాసైందని మీకు కుళ్ళు. ఆ పేరు వినడానికే మీకు ఇష్టం లేదు. నాకు ఉన్నది మూడు నెలలే. పాసైనవాళ్ళ మాట వినాలా, మీ మాట వినాలా?”

అక్క కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. రోడ్డు మీద మనుషులు చూస్తున్నా తుడుచుకోలేదు.

“ఆ స్టెల్లాని నేనే, లిఖితా.”