రెండో గేరు

హుజూర్‌నగర్ ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా రెండో గేరు పడటం మానేసింది.

హరిలాల్ క్లచ్ తొక్కి రాడ్డును వెనక్కి లాగాడు. కదల్లేదు. మళ్లీ తొక్కాడు. పెడల్ బండరాయిలా ఉంది. వెనక సిమెంటు లారీవాడు ఆపకుండా హారన్ కొడుతున్నాడు.

కారును పక్కకు తీసి ఆపాడు.

"ఏమైందన్నా?" వెనక సీట్లోంచి నాగమణి అడిగింది. ఆ రెండు మాటలకే ఆమెకు ఆయాసం వచ్చింది.

"ఏం గాలె చెల్లే. గేరు జర టైటుంది."

వారానికి రెండుసార్లు ఆమెకు కోదాడలో డయాలసిస్. రెండేళ్లుగా మఠంపల్లి నుంచి తీసుకెళ్తున్నది హరిలాలే. మొన్న శుక్రవారం వాగు పొంగి దారి మూసుకుపోయింది. అప్పటినుంచి ఆమె ఒంట్లో నీరు చేరుతోంది. కాళ్లు ఉబ్బిపోయాయి. పడుకుంటే ఊపిరి అందడం లేదు. ఈరోజు ఎనిమిదింటికి ఆమె వంతు. అది తప్పితే మళ్లీ రేపే. రేపటిదాకా ఆమె ఆగలేదని హరిలాల్‌కు తెలుసు.

పెడల్ కింద మ్యాటు ఇరుక్కుందేమోనని లాగి బయట పడేశాడు. ఇంజను ఆపి గేరు వేసి చూశాడు. అంతే బిగుసుకుని ఉంది. బానెట్ ఎత్తి క్లచ్ ఆయిల్ చూశాడు. నిండుగా ఉంది.

మెకానిక్ ఏసుపాదానికి ఫోన్ చేశాడు.

"తమ్మీ, నెల కిందనే గద కొత్త ప్లేటేసినవ్! క్లచ్ దిగుతనే లేదు."

"ఏందన్నా? మాట సరిగ్గ వస్తలేదు."

"సిగ్నల్ లేనట్టుంది. నేనే వస్తున్న. షెడ్డు కాడ ఉండు."

"వేరే బండి మాట్లాడుదామన్నా" అంది నాగమణి.

ఒకటి రెండు ఆటోలకు చెయ్యెత్తాడు. నాట్లకు పోయే కూలీలతో కిక్కిరిసి ఉన్నాయి. ఏదీ ఆగలేదు.

ఎలాగోలా మొదటి గేరు వేసి, దాంట్లోనే బయలుదేరాడు. ఇంజను అరుస్తోంది. దాన్ని మించి నాగమణి ఊపిరి వినిపిస్తోంది. ఒకచోట తెగించి, స్టీరింగు మీది కుడిచెయ్యి కూడా తెచ్చి రాడ్డును లాగాడు. రెండో గేరు పడింది. కానీ కారు ఎడమకు కొట్టుకుపోయి కాలువ గట్టు అంచున ఆగింది. నాగమణి కెవ్వుమంది.

'సేవాలాల్ బాపూ, ఈ పిల్లను జర దవాఖాన దాకా చేర్చు' అనుకుంటూ మళ్లీ మొదటి గేరు వేశాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది.

షెడ్డు చేరేసరికి ఏడుంబావు. డోరు పట్టుకుని దిగాడు.

"ఏసూ, నీ కాళ్లు మొక్కుత. పది నిమిషాల్ల ఏదన్న సెయ్యి. ఆమె పాణం పోతది."

ఏసుపాదం కారు కింద దూరాడు. ఆయిల్ ఎక్కడా కారడం లేదు. కేబుళ్లు, లింకులు అన్నీ బాగానే ఉన్నాయి. డ్రైవర్ సీట్లో కూర్చుని, నాగమణిని దించకుండానే రోడ్డు చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాడు.

"అన్నా, బండికేం లేదు. గేర్లన్నీ వెన్నలెక్క పడుతున్నయ్."

"అబద్ధమాడకు! నాలుగు కిలోమీటర్ల సంది దాంతోని సస్తున్న నేను! ఆ పిల్లను సూడు ఎట్లైందో! ఇప్పుడు ఎగతాళా నీకు?"

ఏసుపాదం హరిలాల్ ముఖంలోకే చూశాడు. నోరు ఎడమవైపు కిందికి జారి ఉంది.

"దిగు ఏసూ. టైమ్ పోతున్నది" అన్నాడు హరిలాల్.

ఏసుపాదం దిగలేదు. ఇంజను ఆపలేదు.

"నువ్వు పక్క సీట్ల కూసో అన్నా. నేను తోల్త."

"నా బండి నువ్వు తోలుడేంది?"

"అన్నా, ఒక్కసారి రెండు చేతులు పైకెత్తు."

ఆలస్యమవుతోందన్న కోపంతో విసుక్కుంటూ హరిలాల్ రెండు చేతులూ ఎత్తాననుకున్నాడు. లేచింది కుడిచెయ్యి ఒక్కటే.