ఇత్తడి బ్రష్షు

"కిరసనాయిలు పోసి కడిగితే సాలదా పాపా?" అన్నాడు పుల్లయ్య, రైఫిల్ మీద నుంచి చెయ్యి తీయకుండానే.

"సాలదు తాతా. లోపల ఏం పేరుకుని ఉండాదో ఏమో," అంది యామిని.

ఆయుధపూజ రోజు. కల్లూరులో పుల్లయ్య కట్టుకున్న కొత్త ఇంటి హాలు నిండా జనం. సొంతూరి నుంచి పుల్లయ్య మనుషులు ఏటా ఆ రైఫిల్‌కు బొట్టు పెట్టడం చూడటానికే వస్తారు. పైపైన తుడవడమే తప్ప గొట్టం లోపల ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు పుల్లయ్య. ఈసారి మనవరాలు పట్టుబట్టింది. యూనివర్సిటీ షూటింగ్ జట్టులో ఉన్న పిల్ల. కాదనలేకపోయాడు.

పుల్లయ్యకు పగవాడైన జయపాల్ తొడలో తూటా దింపింది ఆ రైఫిలేనని ఊరంతటికీ తెలుసు. జయపాల్ చేతిలో ఉన్న తుపాకీయే పొరపాటున పేలిందని అప్పట్లో వకీలు వాదించాడు. కోర్టు నమ్మి కేసు కొట్టేసింది. ఊరు మాత్రం నమ్మలేదు. పడీ పడీ నవ్వింది. పుల్లయ్య ఔననలేదు, కాదనలేదు. మీసం దువ్వాడంతే. జయపాల్ కుంటుకుంటూ కడపకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత పంచాయతీలోనైనా, చెరువు వేలంలోనైనా పుల్లయ్య మాటకు ఎదురు లేదు.

జయపాల్ మనవరాలు శిల్ప ఇప్పుడు యామిని జట్టులోనే ఉంది. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి కాలుస్తారు. శిల్ప ఒక్క మాటైనా మాట్లాడదు.

యామిని సంచి విప్పింది. ప్లాస్టిక్ తొడుగున్న కడ్డీ, తెల్లటి నూలుగుడ్డ ముక్కలు, ఒక ఇత్తడి బ్రష్షు, ఒక నైలాన్ బ్రష్షు, రెండు సీసాలు బల్ల మీద పెట్టింది.

"ఇనప తీగ బ్రష్షేసి రుద్దితే పోదామ్మా?" అన్నాడు హనుమన్న. పుల్లయ్య వెంట మొదటి నుంచీ ఉన్న మనిషి.

"గొట్టం లోపల గాడులు అరిగిపోతాయి మామా. మళ్లా గుండు నేరుగా పోదు."

మొదటి సీసాలోని మందులో ముంచి తోస్తే నాలుగు గుడ్డలు నల్లటి గ్రీజుతో బయటికొచ్చాయి. తర్వాత గుడ్డలు తెల్లబడ్డాయి. యామిని రెండో సీసా మూత తీసింది. హాలంతా ఘాటు వాసన.

"ఇదేం మందు?" అన్నాడు పుల్లయ్య.

"రాగిని కరిగించేది. తూటా పోయేటప్పుడు దాని పైనుండే రాగి గొట్టానికి అంటుకుంటాది. ఒక్క తూటా పోయినా చాలు, గుడ్డ నీలంగా వస్తాది."

"అట్లయితే అన్న గుండు పోయిన దోవ మేమంతా ఈ పొద్దు కండ్లారా సూడొచ్చు!" హనుమన్న పొంగిపోయాడు. జనం ముందుకు జరిగారు.

పుల్లయ్య చెయ్యెత్తి ఆపాడు. "ఆ మందొద్దు. మూత పెట్టు."

యామిని తాత వైపు చూసింది. అయితే తాత కాల్చింది నిజమేనన్నమాట.

"కేసెప్పుడో కొట్టేసినారు కదా తాతా. ఇంకా భయమెందుకు?"

పుల్లయ్య కుర్చీలో ముందుకు వంగాడు. ఆమె నైలాన్ బ్రష్షు అందుకోవడం చూసి, "ఆ ఇత్తడిది ఉండాది కదా, దాంతో చెయ్యి," అన్నాడు.

"వద్దు. ఇత్తడిలోనూ రాగి ఉంటాది. ఈ మందు తగిలితే ఆ బ్రష్షే కరిగి గుడ్డ ఊరికే నీలమైపోతాది."

"ఇత్తడిదే వాడమంటాండా!"

ఆ అరుపుకు హాలు అదిరింది. యామినికి అర్థమైంది. నీలం వస్తే నెపం బ్రష్షు మీదికి తోసేయొచ్చు. ఎంత తెలివి! శిల్ప ముఖం గుర్తొచ్చింది. రేపు ఆ పిల్ల పక్కన ఎట్లా నిలబడటం?

నైలాన్ బ్రష్షునే మందులో ముంచి గొట్టంలోకి తోసింది. కాసేపు నాననిచ్చింది. కడ్డీ కొనకు కొత్త గుడ్డ చుట్టి మళ్లీ తోసింది.

పుల్లయ్య లేచొచ్చి జనానికీ బల్లకూ మధ్య అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం రంగొచ్చింది పాపా?" వెనక నుంచి హనుమన్న కేక.

ఎంత తెల్లగా లోపలికి పోయిందో అంత తెల్లగా బయటికొచ్చిన గుడ్డను గబుక్కున గుప్పిట్లో దాచేసి, "నీలమని చెప్పు తల్లీ, నీ కాళ్లు మొక్కుతా," అని మనవరాలి చెవిలో గొణిగాడు పుల్లయ్య.