అద్దానికి ఇవతల

పెద్దావిడ నటిస్తోందని, వినికిడి పరీక్ష చేస్తున్న ఆడియాలజిస్టుకు అనుమానం వచ్చింది.

అద్దానికి అవతల, బయటి చప్పుడు చొరబడని చిన్న గదిలో, ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. కూత వినబడినప్పుడల్లా చేతిలోని మీట నొక్కమన్నారు. సన్నటి కూతకు నొక్కలేదు, సరే. చెవులు గింగురుమనే కూతకూ నొక్కలేదు. కానీ కూత మోగిన ప్రతిసారీ ఆవిడ కనురెప్ప అదురుతోంది. వినబడనివాళ్ళ రెప్ప అలా అదరదు.

ఇవతల, ఆడియాలజిస్టు పక్కనే, కొడుకు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నడివయసు మనిషి. నలగని నీలం చొక్కా.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అని ఆమె అతనివైపు తిరిగి అడిగింది.

"ఈమధ్యనేనండీ. పిలిస్తే పలకదు. ఒక్కదాన్నీ పోలేను, నువ్వూ రావాల్సిందేనని మంకుపట్టు పట్టింది. పని మానుకుని తీసుకొచ్చాను."

బయట వరండాలో బెంచీలు నిండిపోయి, జనం గోడకు ఆనుకుని నిలబడ్డారు. లేని చెవుడు తెచ్చిపెట్టుకుని పింఛను సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్ళను చూసి చూసి ఆమెకు విసుగెత్తిపోయింది. మైకు దగ్గరకు వంగి, గుసగుసగా అంది.

"అమ్మా, మీ సంచి కింద పడిపోయింది."

పెద్దావిడ ఉలిక్కిపడి నేలవైపు చూసింది. సంచి ఒళ్ళోనే భద్రంగా ఉంది. ఆవిడ మెల్లగా తలెత్తి అద్దంలోంచి చూసింది. దొరికిపోయిన చూపు అది.

"చూశారా? మీ అమ్మగారికి చీమ నడిచినా వినబడుతుంది," అంది ఆడియాలజిస్టు, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

"అవునండీ. ఇంట్లో చాలా ఇబ్బందిగా ఉంది," అన్నాడు కొడుకు.

ఇబ్బంది కాదు, సిగ్గుండాలి అనుకుంది ఆమె. వరండావైపు తలుపు బార్లా తీసింది. నలుగురూ విననీ అనే తీసింది. తర్వాత పెద్దావిడను బయటకు తీసుకొచ్చింది.

"ఏమ్మా, ఈ వయసులో ఈ నాటకాలేమిటి? మీ చెవులు నా చెవులకంటే బాగున్నాయి. నిజంగా వినబడనివాళ్ళు పొద్దుటి నుంచీ అక్కడ పడిగాపులు కాస్తున్నారు. వాళ్ళ నోటి దగ్గరి ముద్ద లాక్కున్నట్టు కాదూ ఇది?"

"కోడలి మాటలు మాత్రమే వినబడవేమో డాక్టరమ్మా," అన్నాడు ఎవరికో తోడొచ్చిన ఒకాయన. వరండా అంతా నవ్వింది. ఆడియాలజిస్టు కూడా నవ్వు దాచుకోలేదు.

పెద్దావిడ ముఖం కందిపోయింది. సంచిని గుండెకు అదుముకుని కొడుకువైపు చూసింది. అతను చిరునవ్వుతో తల ఊపుతున్నాడు.

"అయితే చెవి మిషను ఎప్పుడు పెడతారండీ?"

ఆమెకు ఒళ్ళు మండింది. కన్నతల్లిని పదిమందిలో కడిగేస్తే ఈ మహానుభావుడికి చీమ కుట్టినట్టయినా లేదు. తల్లికి తగ్గ కొడుకు. మాట దండగనుకుని, చేత్తో తలుపు చూపించింది.

"థాంక్సండీ," అని అతను నడిచాడు. పెద్దావిడ తల వంచుకుని వెనకాల వెళ్ళింది.

వాళ్ళు నాలుగడుగులు వేశాక బల్ల మీద అతని ఫోను కనిపించింది.

"ఏమండీ, మీ ఫోను."

అతను ఆగలేదు. ఆమె గుమ్మంలోకి వచ్చి గొంతు పెంచింది. "మిమ్మల్నే. నీలం చొక్కా ఆయనా."

బెంచీల మీదివాళ్ళు తిరిగారు. వరండా చివర మందుల ట్రాలీ తోసుకెళ్తున్న నర్సు ఆగి చూసింది. చెవికి మిషను పెట్టుకున్న తాతగారు కూడా "నన్నేనా?" అన్నారు. నీలం చొక్కా మాత్రం నడుస్తూనే ఉంది.

ఫోను చేతిలోనే ఉండిపోయింది. ఇందాకటి నుంచీ మూరెడు దూరంలో నిలబడ్డ మనిషి. ముఖం చూసి అడిగినప్పుడు సరిగ్గా చెప్పాడు. తెర చూస్తూ అన్నప్పుడు నోటికొచ్చింది అన్నాడు. చెవులు చూడటమే తన పని, అందుకే జీతం తింటోంది. దొంగను పట్టుకున్న సంబరంలో పక్కనున్న రోగిని చూడలేదు. పైగా ఆ తల్లిని చూసి పదిమందినీ నవ్వించింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

పెద్దావిడే వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"చూపించుకోరా అంటే ఇంతెత్తున లేస్తాడు తల్లీ. తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని భయం. నాకు చెవుడంటేనే వాడు ఈ గడప తొక్కాడు." ఆవిడ కళ్ళు నేల మీదే ఉన్నాయి. "కన్నకొడుకు కూటి మీద నా నోటితో నేనెలా కొట్టను? పక్కన నిలబెడితే నీ అంతట నువ్వే కనిపెడతావనుకున్నాను. తప్పే. అబద్ధం ఆడకూడదు."

"మీరు కాదమ్మా, తప్పు నాది." అంది ఆడియాలజిస్టు. బెంచీలవైపు చూడలేకపోయింది. ఆ తల్లి కోసం ఏదో ఒకటి చేయకపోతే నిలబడలేననిపించి, ఆవిడ చేతులు పట్టుకుంది. "ఆయన్ని పిలుచుకురండి, ఇప్పుడే చూస్తాను. ఈ సంగతి నా గుమ్మం దాటదు. ఒట్టు. ఆ ఉద్యోగం ఎక్కడికీ పోదు, నాదీ పూచీ. ఇంతకీ ఆయన ఏం చేస్తుంటారు?"

పెద్దావిడ తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది.

"స్కూలు బస్సు నడుపుతాడమ్మా."