సొట్ట గ్లాసు

కిటికీ గట్టు మీద నా సొట్ట గ్లాసు కనిపించలేదు. ఈ ఇంట్లో పనిమనిషికి టీ అందులోనే. నేను దాన్ని కింద పెట్టి పక్కకు జరిగితే, తగలకుండా పైనుంచి పోస్తారు. అమ్మగారి అత్తగారు, అంటే పెద్దమ్మగారు పెట్టిన పద్ధతి అది.

"ఆ గ్లాసెందుకులే, ఇందులో తాగు" అంటూ అమ్మగారు తమ పింగాణీ కప్పు చేతికిచ్చారు. పైగా కుర్చీ చూపించారు! ఈ మాయదారి జబ్బు మీ పేటల్లోనే పుడుతోందని నిన్నటిదాకా నన్ను గుమ్మంలోనే ఆపిన మనిషి. కూర్చున్నాను గానీ, ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది.

"లాక్‌డౌన్ అయిపోయేదాకా ఇక్కడే ఉండిపోవే. నువ్వూ మా ఇంటి మనిషివే కదా."

"పాప ఇంటి దగ్గర ఒక్కతే ఉందమ్మా."

"మీ అక్క చూసుకుంటుందిలే."

టీ పూర్తయ్యేలోగా అయ్యగారూ అమ్మగారూ సూట్‌కేసులతో గడప దాటారు. బయట తాళం పడింది. పరుగెత్తి తలుపు బాదాను.

"అమ్మా! తాళం వేశారేంటి?"

"సరుకులన్నీ ఉన్నాయి. అత్తయ్య జాగ్రత్త!" అమ్మగారి గొంతు లిఫ్ట్‌తో పాటే కిందికి దిగిపోయింది.

వెనక గదిలో ఎవరో దగ్గుతున్నారు. ఆ గదికీ బయటి నుంచే గడియ. తీశాను.

పెద్దమ్మగారు మంచం మీద ముడుచుకుని ఉన్నారు. చేతిలో నా సొట్ట గ్లాసు.

"జబ్బని తేలిన దగ్గర్నుంచీ నాకు ఇందులోనే ఇస్తోందే కోడలు" అన్నారు. గ్లాసు నా వైపు చాచారు. "కాసిని నీళ్ళు పొయ్యవే."

"కింద పెట్టండి పెద్దమ్మగారూ" అన్నాను. "పైనుంచి పోస్తాను."